మాబేబే పిలవని వాన

మటోబో కొండల్లో ఎంపాలా వారి ఇంటికి టూరు వ్యాను వచ్చే రోజున అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇల్లు సర్దడం కాదు, ఇల్లు దాచడం. ప్లాస్టిక్ కుర్చీలు మేకల దొడ్డిలోకి పోవాలి. గుడిసె కప్పు మీది సోలార్ పలక మీద గడ్డి చాప కప్పాలి. సెల్‌ఫోన్లు దిండు కిందికి, రేడియో పిండి డబ్బా వెనక్కి. ఆ తర్వాత మాబేబే తన పూల గౌను విప్పి కంపెనీవాళ్లు ఇచ్చిన తోలు లంగా కట్టుకోవాలి. అలాంటి లంగా ఆమె అమ్మ కట్టలేదు, నాయనమ్మ కూడా కట్టలేదు. నాయనమ్మ మిషన్ బడిలో కుట్టుపని నేర్చుకుని, చచ్చేదాకా లేసు కాలరు లేనిదే గడప దాటని మనిషి. అయినా సముద్రాలు దాటి వచ్చినవాళ్లు లేసు కాలరు చూడటానికి వస్తారా?

ఆ టూరు మూడు రోజులది. మొదటి రోజు బులవాయోలో దొరల కాలం నాటి వైభవం చూపిస్తారు. జతల కొద్దీ ఎడ్లు కట్టిన బండి వెనక్కి తిరగడానికని వేసిన వెడల్పాటి వీధులు, గోడల నిండా జింక తలలు తగిలించిన క్లబ్బు, రైల్వే మ్యూజియంలో ఆవిరి ఇంజిన్లు. రెండో రోజు 'మారని పల్లె', అంటే మాబేబే ఇల్లు. మూడో రోజు కొండ గుహలో వేల ఏళ్ల నాటి బొమ్మలు, దిగి వచ్చేటప్పుడు ఇంకో కొండ శిఖరం మీద ఒక దొరగారి సమాధి.

మ్యూజియంలో రంగు వేసి నిలబెట్టిన ఇంజిన్లలో ఒకదానికి మాబేబే మొగుడు వెలాఫి పడుచుతనమంతా బొగ్గు వేశాడు. వచ్చినవాళ్లు మొదటి రోజు అతని ఇంజిన్ని చూస్తారు, రెండో రోజు అతన్ని చూస్తారు. ఇద్దరిదీ ఒకే సంసారమని మాత్రం వాళ్లకు చెప్పకూడదు, ఎందుకంటే రెండో రోజు అతను రైలన్నది పుట్టకముందు నాటి మనిషి. మేక తోలు మీద నల్లమచ్చలు దిద్ది చిరుతపులి తోలని భుజాన వేస్తే, మాట్లాడకుండా నాయకుడిలా కూర్చోవడం అతని ఉద్యోగం. మాట్లాడొద్దన్నది బులవాయో యాసలో రైల్వే జోకులు వేస్తాడన్న భయం కొద్దీ.

గుహ సంగతి వేరు. మాబేబే చిన్నతనంలో మేకలు కాస్తూ వాన వస్తే దూరేది ఆ గుహలోకే. గోడ మీద పరుగెత్తే జింకల బొమ్మలను చూసి ఎవరో పనిలేనివాళ్లు గీశారనుకునేది. వెనక గోడకు ఆనించి ఆమె నాయనమ్మ కట్టిన మట్టి గాదెలు ఉండేవి. పార్కు చేస్తామని దొరలు ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు గింజలైతే ఎత్తుకొచ్చారు గానీ గాదెలు ఎత్తుకురాలేకపోయారు. ఇప్పుడు వాటి ముందు తాడు కట్టి 'ప్రాచీన మానవుల ధాన్యాగారం' అని చూపిస్తారు. నాయనమ్మను ప్రాచీన మానవుల్లో కలిపినందుకు మాబేబేకు కోపం లేదు, చూడాలంటే టిక్కెట్టు కొనమన్నందుకే కోపం. ఇక దొరగారికి ఆఖరి నిద్ర పోవడానికి పెద్దల ఆత్మలు తిరిగే శిఖరమే కావలసి వచ్చింది. ఆ పెద్దలను ఎవరూ అడగలేదు. మాబేబే తాతను అదే కొండ కింద పూడ్చుకుంటామంటే మాత్రం నిబంధనలు అడ్డొచ్చాయి.

మాబేబే అంటే బేబే వారి ఆడపడుచు అని. అక్కడ కోడళ్లను ఎంత ముసలివాళ్లయినా పుట్టింటి పేరుతోనే పిలుస్తారు. ఎంపాలా వారికి కోడళ్లు ఇద్దరు. పెద్దవాడు వెలాఫి భార్య మాబేబే, చిన్నవాడి భార్య మాన్యోనీ. తోడికోడళ్ల ఇళ్ల మధ్య ఉన్నది ఒక సన్నని వాగే గానీ దాన్ని దాటడం ఇద్దరికీ ప్రాణసంకటం. బూడిద, ఎర్రమన్ను, బొగ్గుపొడి కలిపి గుడిసె గోడలకు రంగులు దిద్దడంలో మాన్యోనీని మించినవాళ్లు ఆ లోయలో లేరు. ఏటా జరిగే గోడల పోటీలో బహుమతి ఆమెదే. బహుమతిగా వచ్చిన ఇనుప తోపుడుబండిని మట్టి మోయడానికి వాడకుండా, వాగు ఇవతల నుంచి చక్కగా కనిపించేలా నిలబెట్టి ఉంచింది. మాబేబే గోడలు చూసినవాళ్లు మాత్రం "ఇల్లు గట్టిగా కట్టారు" అని మాట మార్చేవాళ్లు.

మాబేబేకు ఉన్నది ఒకటే. ఆమె వొసానా, అంటే వాన కోసం ఆడే మనిషి. మేనత్త పోయాక ఆవిడ నల్లబట్టా, కాళ్ల గజ్జెలూ ఆమెకు వచ్చాయి. మేనత్త ఆ బట్ట నడుముకు చుట్టిందంటే ఆరేసిన దుప్పట్లు తీసుకోవడానికి ఊరంతా పరుగెత్తేదట. మాబేబే చుట్టిన దగ్గర్నుంచి ఊరికి దుప్పట్లు తీసుకునే శ్రమ తప్పింది. సెప్టెంబరులో ఎండలు ముదిరేటప్పుడు విత్తనాలూ నశ్యమూ పట్టుకుని, చెప్పులు లేకుండా, ఊరి తరఫున వాన కొండకు అందరికంటే ముందు నడవవలసింది వొసానాయే. ఆమె ఏటా నడిచింది. వరసగా మూడేళ్లు వెనక వాన రాలేదు.

"మా అక్కకు పూనింది పెద్దల ఆత్మ కాదమ్మా, మలేరియా" అని మాన్యోనీ వాగు దగ్గర బిందె ముంచుతూ ముంచుతూ అందరి చెవినా వేసింది.

మాట చెట్టెక్కింది, పుట్టెక్కింది, చివరికి ఊరి పెద్ద సిగోలా చెవికెక్కింది. ఈ సెప్టెంబరుకు ముందు నడవడానికి పక్క లోయ నుంచి మాన్యోనీ పినతల్లి కూతురిని పిలిపిద్దామా అని అతను ఆలోచిస్తున్నట్టు తెలిసిన నాటి నుంచి మాబేబేకు సంకటి గొంతు దిగడం మానేసింది. గోడ రంగు పోతే మళ్లీ వేసుకోవచ్చు. మేనత్త బట్ట ఇంకొకత్తె నడుముకు ఉంటే, ఆ వెనక ఎక్కడో బిందె మోస్తూ తను నడవాలి. అంతకంటే చావు నయమనుకుంది.

ఇలా ఉండగా జులై వచ్చింది. జులై అంటే అక్కడ చలికాలం. జొన్నా సజ్జా కోసి, నున్నటి నల్లబండల మీద ఆరబోసి, ఊరంతా ఆకాశం వైపు చూడకుండా హాయిగా పడుకునే కాలం. ఆ రోజుల్లో ఒక పొద్దున వ్యానుకంటే ముందు మోటారు సైకిలు మీద గైడు బెకెజేలా దిగాడు. వాడిది మాబేబే అక్క గారి ఊరే. బులవాయోలో చరిత్ర చదివి, ఈక గుచ్చిన టోపీ పెట్టుకుని, ఊళ్లో అందరికీ తెలిసిన కథలను ఎవరికీ తెలియనట్టు చెప్పి బతుకుతున్నాడు.

"మామ్మా, ఈసారి వచ్చేవాళ్లకి వాన నాట్యం కావాలంట" అన్నాడు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. పుస్తకంలో చదువుకుని మరీ వస్తన్నారు."

"ఆ పుస్తకంలో ఏ నెలలో ఆడతారో రాయలేదంటరా? ఊరి గింజలన్నీ బండ మీదున్నాయి. చలికాలంలో ఆ బట్ట పెట్టెలోంచి తీస్తే నా కాళ్లు విరగ్గొడతారు."

"వాన రావాలని ఎవరన్నారు మామ్మా? నాట్యం వస్తే చాలు."

"వాన వద్దని వాన నాట్యమా? పెళ్లికూతురు లేకుండా పెళ్లి చేస్తావేంట్రా?"

"పోయిన్నెల టూరువాళ్లకి అలాగే చేశాం కదా, పెళ్లికూతురు వేషం పిల్ల బస్సు తప్పిపోతే! ఎవరైనా అడిగారా?"

మాబేబే చేట కింద పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని, కుదరదంటే కుదరదంది. బెకెజేలా బతిమాలలేదు. టోపీ తీసి దులుపుకుని, వాగు అవతలికి చూశాడు.

"సరే, నీ ఇష్టం. మాన్యోనీ మామ్మ ఆడతానంది. నల్లబట్ట కూడా తెప్పించుకుందంట. ఇకనుంచి వ్యాను అక్కడే ఆపుకోమంది. ఆ గోడలు ఫొటోల్లో కూడా బాగుంటాయి."

"దానికేం తెలుసని ఆడుద్దిరా?"

"వాళ్లకేం తెలుసని చూస్తారు?"

మాన్యోనీ ఒక్కసారి నల్లబట్ట కట్టి నలుగురి ముందు ఆడిందంటే, సెప్టెంబరు నాటికి ఊరికి అలవాటైపోతుంది. ఆడితే ఊరు ఊరుకోదు, ఆడకపోతే తోడికోడలు ఊరుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బెకెజేలా మోటారు సైకిలు స్టార్టు చేసేలోగా మాబేబే బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. తర్వాత చాలా రోజులు ఆ మెరుపును ఆమె తిట్టుకుంది.

"ఉండరా. ఆడతాను పో" అంది.

మేనత్త నల్లబట్ట పెట్టెలోనే ఉంచి తాళం వేసింది. దాని బదులు వెలాఫి పాత రైల్వే కోటు అస్తరు చించి నడుముకు చుట్టుకుంది. గజ్జెల బదులు సీసా మూతలు గుచ్చిన తాడు కట్టుకుంది. పాట సంగతికొచ్చేసరికి, వాన పాటలో ఒక్క ముక్క నోట రానిస్తే ఒట్టు. పెళ్లిళ్లలో మగపెళ్లివారిని ఏడిపించడానికి ఆడపిల్లలు పాడే పాట ఎంచుకుంది.

"ఇది వినపడినా పైనున్న పెద్దలు నవ్వుకుంటారే తప్ప కదలరు" అని మొగుడికి ధైర్యం చెప్పింది.

"నేనేం వాయించాలి?" అన్నాడు డోలు వాయించే వెలాఫి.

"మన పెళ్లిలో మీ బాబాయి తాగి పడిపోతే వాయించారే, అదే."

మధ్యాహ్నం వ్యాను వచ్చింది. చాపల మీద అతిథులు మోకాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతూ కూర్చున్నారు. మొపానె చెట్ల మీద ఏరి వేయించిన పురుగులను ఒక్కొక్కటి నోట్లో వేసుకుని, మింగకుండా ధన్యవాదాలు చెప్పారు. అప్పుడు మాబేబే దిగింది. "మీ ఆవుకు కుంటి కాలు, మీ మేనమామకు బట్టతల, మీరు తెచ్చిన దుప్పట్లో మేక కూడా పడుకోదు" అని గొంతెత్తి పాడుతూ వాకిలంతా కలియదిరిగింది. పక్కన బెకెజేలా తల వంచి, గద్గద స్వరంతో ఆ పాటకు అర్థం చెప్పాడు. ఓ మేఘమా, మా తాతల తల్లీ, ఎండిన నేల గుండెల్లో నీ అడుగు పెట్టు అని ఏదో అన్నాడు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. మాబేబేకు కుడి మోకాలు కలుక్కుమని, ఆఖరి చరణం కుంటుతూ ముగించింది. అది కుంటి ఆవుకు అభినయమని మేకల దొడ్డి వెనక కట్టెలు ఏరుకునే నెపంతో నక్కి చూస్తున్న మాన్యోనీ అనుకుని, నవ్వు ఆపుకోలేక బట్ట నోట్లో కుక్కుకుంది.

సాయంత్రానికి గాలి దక్షిణానికి తిరిగింది. చలికాలంలో ఏ రెండు మూడేళ్లకో ఒకసారి అక్కడ ముసురు పడుతుంది. అది ఎవరు పిలిచినా రాదు, ఎవరు వద్దన్నా ఆగదు. బులవాయో రేడియో ఆ సంగతి ముందే చెప్పింది, కాకపోతే వెలాఫి రేడియో టూరు పుణ్యమా అని పిండి డబ్బా వెనక ఉంది. మిగతావాళ్ల రేడియోలు పాటలకే తప్ప వార్తలకు పనికిరావు. ఊరు నిద్ర లేచేసరికి బండల మీద జొన్నలు గుగ్గిళ్లలా ఉబ్బి ఉన్నాయి. కాకి వాలింది, తాటిపండు పడింది. కానీ జొన్నలు తడిసినవాడు తాటిపండు మాట నమ్ముతాడా? కాకినే వెతుక్కుంటాడు.

మూడో రోజు అతిథులు ముసురులోనే కొండెక్కారు. నున్నటి బండ మీద బెకెజేలా రెండుసార్లు జారి, రెండోసారి టోపీ పోగొట్టుకున్నాడు. దొరగారి సమాధి మంచులో కనిపించలేదు. అక్కడే ఉందని బెకెజేలా చెయ్యి చూపిస్తే, ఉన్నంత గౌరవంగా అటు తిరిగి నిలబడ్డారు. గుహలో జింకల బొమ్మలు చూస్తూ కూడా వాళ్లు మాట్లాడుకున్నది వాన గురించే. ఒక ముసలావిడ ఆడితే చినుకులు పడ్డాయి, అదీ కళ్లముందు! ఇంత డబ్బు పోసినందుకు ఇప్పటికి ఫలితం దక్కిందని మురిసిపోయి, వెళ్లే ముందు ఆ ముసలావిడను ఇంకోసారి చూడాల్సిందేనని పట్టుబట్టారు.

వాళ్లు వచ్చేసరికి ఆ ముసలావిడ సిగోలా పశువుల దొడ్డి ముందు నేల మీద కూర్చుని ఉంది. ముసురు వెలిసింది. ఊరి మగవాళ్లు పీటల మీద, ఆడవాళ్లు ఓ పక్కగా చేరి ఉన్నారు. పంచాయతీ మొదలైంది. తడిసిన జొన్నల్లో అందరికంటే పెద్ద రాశి న్యాయం చెప్పవలసిన సిగోలాదే కావడంతో, న్యాయం కాస్త వేడిగానే ఉంది.

"ఎంపాలా కోడలా, గింజలు లోపలికి చేరకుండా వాన పాట పాడకూడదని నీకు తెలీదా?" అన్నాడు.

వెలాఫి లేచాడు. "పెద్దయ్యా, ముసురొస్తదని రేడియోలో చెప్పారు."

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

"ఎప్పుడు?"

"ఇందాకే. నిన్న చెప్పామని ఈ పొద్దున చెప్పారు."

"వాన పడ్డాక వాన పడిందని చెప్పడానికి రేడియో ఎందుకయ్యా, నేను చెప్పనా?" అన్నాడు సిగోలా. పీటలన్నీ నవ్వాయి. వెలాఫి కూర్చున్నాడు.

వచ్చిన అతిథులకు ఇదంతా ఎంతో నచ్చింది. ఊరంతా ఎందుకు చేరిందని అడిగారు. బెకెజేలా ఒక్క క్షణం ఆలోచించి, వాన తెచ్చిన తల్లికి సన్మానం జరుగుతోందని చెప్పాడు. వాళ్లు కెమెరాలు తీశారు.

అప్పుడు లేచింది మాన్యోనీ. ఆమె లేచేసరికి ఇక మునిగాననుకుంది మాబేబే. అయితే తోడికోడలు ఆమెను ముంచడానికి కాదు, కాపాడటానికి లేచింది. అదీ ఎంత ప్రేమతోనో ఆమె గొంతు విన్న వాళ్లకు తెలుసు.

"పెద్దయ్యా, మా అక్క మీద అన్యాయంగా నింద వేయకండి. అది వాన పాట కాదు. నేను దొడ్డి వెనకనుంచి చూశాను. కట్టింది మా బావగారి కోటు అస్తరు, పాడింది పెళ్లి పాట. 'మీ ఆవుకు కుంటి కాలు' పాట! కావాలంటే మీరూ వినండి" అని మొదటి చరణం అందుకుంది. ఆడవాళ్లు ఆపుకోలేక రెండో చరణంలో గొంతు కలిపారు. మేనమామ బట్టతల దగ్గర సిగోలా చెయ్యి తెలియకుండానే టోపీ మీదికి పోయింది. అతిథులు సన్మానంలో పాటలు కూడా ఉన్నందుకు చప్పట్లు కొట్టారు.

"పాపం, మా అక్కకు నిజంగా వాన తేవడం వస్తే మూడేళ్ల నుంచి తెచ్చేది కాదా?" అని ముగించింది మాన్యోనీ, ఎంతో జాలిగా.

సిగోలా గొంతు సవరించుకున్నాడు. "నిజమే. పెళ్లి పాటకు వానలు పడితే బులవాయో శనివారం శనివారం మునిగిపోయేది. ఈమె తప్పేం లేదు. కేసు కొట్టేశాం" అన్నాడు. తర్వాత, ఎలాగూ అందరూ ఉన్నారు కదా అని, మెల్లగా ఇంకో మాట కలిపాడు. "సెప్టెంబరు సంగతి కూడా తేల్చేస్తే పోతుంది. పెళ్లి పాటలు పాడుకునే మనిషిని కొండకు ముందు నడిపించి మూడేళ్లు చూశాం. ఈ ఏడు పక్క లోయకు కబురు పెడదాం."

తప్పు లేదన్నారు, మర్యాదగా వదిలేశారు. ఇంటికి పోయి మోకాలికి నూనె రాసుకుంటే సరిపోయేది. మాబేబే అందుకే లేవబోయింది కూడా. కానీ లేస్తూ తోడికోడలి మొహం చూసింది. మాన్యోనీ నవ్వడం లేదు. నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంటోంది.

"అది అబద్ధం చెప్తంది" అంది మాబేబే.

పీటలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"పైకి పాడింది పెళ్లి పాటే. ఈ పరాయివాళ్ల చెవిన అసలు పాట వేస్తానా? లోపల పాడింది వేరే. లోపల పాట దొడ్డి వెనక నక్కినోళ్లకి వినపడదు, ఎవరికి వినపడాలో వాళ్లకి వినపడింది. అస్తరో, కోటో, వాన తల్లికి బట్టతో పనేంటి? ఆ వాన నాదే. తప్పూ నాదే. ఏం వేస్తారో వేయండి."

ఇదంతా పచ్చి అబద్ధం. లోపల ఆమె పాడింది ఏమీ లేదు. ఆడుతున్నంతసేపూ ఆమె మనసులో ఉన్నది మోకాలు నొప్పి, పొయ్యి మీద పెట్టి వచ్చిన చిక్కుడు గింజలు మాడుతున్నాయేమోనన్న దిగులు. కానీ ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. అబద్ధం ఇంత బాగా వస్తుందని తెలిస్తే మూడేళ్ల క్రితమే మొదలుపెట్టేది.

మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వదిలేస్తామంటే వద్దని, శిక్ష వేయమని అడిగే ముద్దాయిని సిగోలా తన జన్మలో చూడలేదు. ఒప్పుకున్నాక వేయక తప్పదు. ఒక నల్ల మేక ఇవ్వాలనీ, తడిసిన వాళ్లందరి జొన్నలూ ఆమే తిరగబోసి ఆరబెట్టాలనీ తీర్పు చెప్పాడు. చెప్పి, పీట మీద నుంచి కాస్త ముందుకు వంగి, ఇంతకు ముందు ఎన్నడూ లేని మర్యాదతో అన్నాడు.

"సెప్టెంబరులో మాత్రం తమరే ముందు నడవాలమ్మా."

మేక ఎందుకని అతిథులు అడిగితే, ఊరివాళ్లు ఆమెకు కానుకగా ఇస్తున్నారని బెకెజేలా చెప్పాడు. వాళ్ల కళ్లు మళ్లీ చెమర్చాయి. వ్యాను ఎక్కే ముందు వాడు మాబేబే చెవిలో, "మామ్మా, ప్రతి టూరుకీ అక్కర్లేదు, నెలకొక్కసారి పడేలా చూడు" అని గొణిగి పోయాడు. వాడు వేళాకోళమాడటం లేదు.

గెలిచాననుకుంది మాబేబే. ఆ సంతోషం బండ మీద జొన్నలు ఆరినంత సేపు కూడా నిలవలేదు. ఎండ మళ్లీ కాసింది. ఆమె నడుం విరిగేలా ఊరి గింజలు తిరగబోస్తుంటే దారిన పోయేవాళ్లు ఒంగి, అరచేతులు రెండూ మెత్తగా చరిచి దండం పెట్టి పోయారు. ఇదివరకు కేకేసి పలకరించిన వాళ్లే. ఒకావిడ దూరంగా నిలబడి, "అమ్మా, రేపు దుప్పట్లు ఉతుక్కోవచ్చా?" అని అడిగింది. మాబేబే ఆకాశం వైపు చూసింది. మబ్బు లేదు. ఉతుక్కోమంది. ఉతుక్కున్నాక మబ్బు పడితే ఏం చెప్పాలా అని రోజంతా తల ఎత్తి చూస్తూనే ఉంది.

వెలాఫికైనా అసలు సంగతి తెలుసు కదా అన్నది ఆమెకు మిగిలిన ఒక్క ఊరట. డోలు వాయించినవాడు అతనే. మూడో నాడు సంకటి ముద్ద ముందు పెడితే, అతను చెయ్యి పెట్టకుండా కూర్చున్నాడు.

"తినరేం?"

"నువ్వు ముందు తిను" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి అతని నోట ఆమె ఆ మాట వినలేదు. పక్కకు చూస్తూ, "నేను వాయిస్తన్నప్పుడు డోలు దానంతట అదే కొంచెం వేరేగా పలికింది. నీకు చెప్పలేదు గానీ" అన్నాడు.

"తాగారా ఏంటి?"

"ఒట్టు" అన్నాడు.

ఆమెకు అరిచి చెప్పాలనిపించింది. డోలు పాతది, దాని తోలు చలికి బిగిసింది, అంతేనని చెప్పాలనిపించింది. కానీ చెప్తే ఆ వినయం అంతా ఆవిరైపోతుంది, రేపటికి వాగు అవతలికి చేరుతుంది, ఎల్లుండికి ఊరంతా 'మీ ఆవుకు కుంటి కాలు' పాడుతుంది.

జొన్నల పని ముగిసే రోజున సాయంత్రం మాన్యోనీ వాగు దాటి వచ్చింది. బహుమతి తోపుడుబండిలో తన తడి జొన్నలు వేసుకుని తోసుకుంటూ వచ్చింది. ఆ బండి మీద బరువు చూడటం మాబేబేకు అదే మొదలు. మాన్యోనీ బండి ఆపి, అక్కగారితో సమానంగా బండ మీద కూర్చోకుండా, కింద మట్టిలో కూర్చుంది. రెండు అరచేతులూ మెత్తగా చరిచింది.

"దెప్పడానికొచ్చావా?" అంది మాబేబే.

"లేదక్కా. నేను అబద్ధం చెప్పలేదు. అది పెళ్లి పాటే. నీ కాళ్లు కూడా చూశాను. పెళ్లి అడుగులే. లోపల ఏమీ లేదు."

మాబేబేకు ప్రాణం లేచివచ్చింది. ఆశ్చర్యం, ఇంత ఊళ్లో ఇప్పుడు ఆమెకు కావలసిన మనిషి ఈ దొంగముఖం తోడికోడలే అయింది. నిజం తెలిసిన మనిషి ఒకత్తె మిగిలి ఉంది. దానితో పోట్లాడవచ్చు, తిట్టుకోవచ్చు, దాని ఎదుట మామూలు మనిషిలా ఊపిరి పీల్చుకోవచ్చు. "చూశావు కదా మరి" అనబోయింది.

"అయినా పడిందక్కా" అంది మాన్యోనీ. "ఊరికే వేళాకోళానికి పెళ్లి పాట పాడితేనే జొన్నలు మునిగేంత వాన పడింది. నువ్వు నిజంగా పాడితే ఎట్టాగుంటదో తలుచుకుంటే నాకు భయమేస్తంది. మలేరియా అన్నందుకు నన్ను క్షమించు. పోయినేడు నా చేను మొత్తం ఎండింది, నీకు చెప్పలేదు. పిల్లల్ని పెందలాడే పడుకోబెట్టేదాన్ని, ఆకలి అడక్కుండా. సెప్టెంబరులో పాడేటప్పుడు నా చేను కూడా ఒకటుందని గుర్తు పెట్టుకో అక్కా."

మాబేబే నోరు తెరిచింది. నాకేం రాదే చెల్లీ, ఒక్క చినుకు కూడా రాదు, మీ పిల్లలకు ఆకలైతే నా దగ్గరికి పంపు గానీ నా పాట మీద పెట్టుకోకు అని చెప్పాలని ఆమెకు నిజంగానే ఉంది. మాన్యోనీ మట్టిలో కూర్చుని, చిన్నపిల్లలా తలెత్తి ఆమె మొహంలోకి చూస్తోంది.

"సరే. గుర్తు పెట్టుకుంటాలే" అంది మాబేబే.

మాన్యోనీ ఇంకోసారి చేతులు చరిచి, బండి అక్కడే వదిలేసి, వెనక్కి వెనక్కి నడుస్తూ వాగు దాటింది. అక్కగారికి వీపు చూపించకూడదని ఆమెకు ఎవరు చెప్పారో! ఊళ్లో ఆ వాన మాబేబేది కాదని తెలిసిన మనిషి ఇక ఒక్కతే మిగిలింది. సెప్టెంబరులో అందరికంటే ముందు నడవవలసింది ఆ మనిషే.